మడతబల్ల సుగుణకే

వరంగల్ మట్టెవాడలో నివసిస్తున్న కొలిపాక సమ్మమ్మ అనే నేను, కాలంచేసిన పోశయ్య భార్యను, డెబ్భై మూడేళ్లదాన్ని, ఈ వీలునామా చెప్పి రాయిస్తున్నాను. నాకు అంకెలు తెలుసు, అక్షరాలు రావు. మతి స్థిమితంగా ఉంది. నిన్న నన్ను పరీక్షించిన డాక్టరు ఇవాళ ఏ వారమని అడిగితే చెప్పాను. ఆయన సర్టిఫికెట్ మీద వేసిన తేదీ ముందు రోజుదని కూడా చెప్పాను. ఆయన నవ్వి దిద్దుకున్నాడు. ఆ సర్టిఫికెట్ దీనికి జతపరిచాం. ఈ కాగితం కోసం నన్నెవరూ బెదిరించలేదు. బతిమాలినవాడు ఒక్కడున్నాడు, నా కొడుకు భానుచందర్. వాడు అడిగింది ఇందులో ఎక్కడా లేదు. కాబట్టి నా మీద ఎవరి ఒత్తిడీ పనిచేయలేదని చదివినవాళ్లకే అర్థమవుతుంది.

ఇది ఎందుకు రాయించాల్సి వచ్చిందో ముందే చెబుతాను. మొన్న ఆగస్టులో నేను తొమ్మిది రోజులు దవాఖానలో పడి ఉన్నాను. ఆ తొమ్మిది రోజుల్లో భానుచందర్ టేపు పట్టుకుని నా బైండింగ్ దుకాణం కొలతలు తీయించాడు. రెండు షట్టర్లు సెల్‌ఫోన్ల షాపుకు, వెనక గోడౌన్ కొరియర్ వాళ్లకు, కటింగ్ మిషన్ పాత ఇనుముకు అని మాట్లాడి పెట్టాడు. నేను ఇంటికి వచ్చాక అడిగితే దాచలేదు. "అవ్వా, నీ తర్వాత గా పుస్తకాల పని ఎవలు జేస్తరు? సుగుణ పేరు మీద రాస్తనంటవ్. రేపు కోర్టుల నిలవదు. నీకు చదువు రాదాయె. రాసినోడు ఏం రాసిండో, నువ్వు దేనికి వేలు పెట్టినవో నీకే ఎరుక లేదంటరు" అన్నాడు. రైల్వేలో క్లర్కు కదా, కాగితాల సంగతి తెలిసినవాడు. వాడి మాటకు నా జవాబు కింద ఉన్నది.

1. ఇంతకుముందు నేను నోటితో ఎవరికి ఏం ఇస్తానన్నా, కోపంలో ఎవరికి ఏం ఇవ్వనన్నా, అవన్నీ రద్దు. ఇదొక్కటే చెల్లుతుంది. దీన్ని అమలుచేసే బాధ్యత వకీలు అఖిల్‌ది. అతనికి నా ఆస్తిలో ఏమీ రాదు. ఫీజు ఇచ్చేశాను.

2. నాకున్నది రెండు. మట్టెవాడలో నేనుంటున్న ఇల్లు ఒకటి. స్టేషన్ రోడ్డులో రెండు షట్టర్ల దుకాణం, వెనక గోడౌన్, అందులోని సామానుతో సహా ఇంకొకటి. రెండూ నా స్వార్జితం. తాతల నుంచి వచ్చింది ఇందులో గజం కూడా లేదు. నా భర్త పోశయ్య ధాన్యం మార్కెట్‌లో హమాలీ. ఆయన నాకు ఇచ్చిపోయింది ఒక్క మాట. ఉన్న నౌకరీ వదిలి సొంతంగా బైండింగ్ పెడతానంటే చుట్టాలంతా నవ్వారు. ఆయన మాత్రం "బస్తాలు నేను మోస్త, పుస్తకాలు నువ్వు కుట్టు" అన్నాడు.

3. దుకాణం, గోడౌన్, కటింగ్ మిషన్, అచ్చు కాగితాలు మడిచే మడతబల్ల, "సమ్మమ్మ ప్రచురణలు" అన్న పేరు, ఆ పేరుతో వచ్చిన ముప్పై నాలుగు పుస్తకాల మీద నాకున్న హక్కులు, ఇవన్నీ నా తర్వాత సుగుణకు చెందాలి. సుగుణ నాకు చుట్టం కాదు. మరిపెడ దగ్గరి ఊరి నుంచి ఇరవై రెండేళ్ల వయసులో వచ్చి, ఇరవై నాలుగేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న మా సంపాదకురాలు.

ఈ మాట చదివి నవ్వేవాళ్లుంటారు. ఏడో తరగతి చదివిన మనిషి సంపాదకురాలు ఎలా అవుతుందని. వాళ్ల కోసం మా పద్ధతి చెబుతాను. పుస్తకం వేయమని ఎవరైనా కాగితాలు తెస్తే నేను చదవలేను కదా. అందుకని సుగుణ మడతబల్ల దగ్గర నిలబడి పైకి చదివేది. మిగతా ఆడవాళ్లం అచ్చయి వచ్చిన ఫారాలు మడుస్తూ వినేవాళ్లం. చేతులు ఆగకుండా పనిచేస్తుంటే ఆ కాగితాలు వెనక్కి ఇచ్చేసేవాళ్లం. చదువు వింటూ చేతులు ఆగిపోతే, ఆ పుస్తకం వేసేవాళ్లం. హమాలీల కథలు అలా వేశాం. పత్తి ఏరే ఆడవాళ్ల పాటలు అలా వేశాం. కాజీపేటలో పట్టాలు బిగించే గ్యాంగ్‌మన్ ఒకాయన రాసుకున్న డైరీ చదివిన రోజు మధ్యాహ్నం నాలుగు దాకా ఒక్క మడత పడలేదు. ఆ పుస్తకం ఐదుసార్లు అచ్చయింది.

ఒక రిటైరైన హెడ్‌మాస్టరు తన కథలు తిరిగొచ్చాయని కోపంతో దుకాణానికి వచ్చాడు. "నా రచన మంచిదో కాదో గీ కూలోళ్లు చెప్తరా?" అన్నాడు. సుగుణ తొణక్కుండా, "సారూ, మూడో కథల ముసలామె మాట్లాడినప్పుడు మా చేతులు ఆగినయి. మల్ల మీరు మాట్లాడుడు మొదలువెట్టిన్రు, చేతులు నడిచినయి. ఆమెనే మాట్లాడనియ్యిన్రి" అని చెప్పింది. ఆయన లేచి వెళ్లిపోయాడు. ఏడాదిన్నర తర్వాత ఆ ముసలామె ఒక్కదాని కథే వంద పేజీలు రాసి తెచ్చాడు. వేశాం. సంపాదకులంటే ఏం చేస్తారో నాకు తెలియదు. ఇంతకన్నా ఎక్కువ చేస్తారని మాత్రం అనుకోను.

4. సుగుణకు ఒక్క షరతు. ఈ షరతు ఎందుకో తెలియాలంటే నేను పనిచేసిన ప్రెస్సు సంగతి వినాలి. పదిహేనో ఏట, 1967లో, వడ్లకొండ వారి ప్రెస్సులో ఊడ్చే పనికి చేరాను. ఆర్నెల్లకు మడతబల్ల దగ్గర కూర్చోబెట్టారు. అప్పుడే అచ్చు అక్షరాలు ఏరి అరల్లో వేసే పనికి చేరిన సాంబయ్య కంపోజింగ్ నేర్చుకున్నాడు, తర్వాత ప్రూఫులు దిద్దాడు, ఆఖరికి మేనేజరయ్యాడు. కాలితో తొక్కే మిషన్ మీద మొదలైన రాజమల్లు ఆఫ్‌సెట్ నేర్చి ఇవాళ సొంత ప్రెస్సు నడుపుతున్నాడు. ఓనరు కొడుకు ఓంప్రకాశ్ కుర్చీలోనే చేరాడు, ఇప్పటికీ అందులోనే ఉన్నాడు. ఆడవాళ్లం పద్నాలుగు మందిమి మడతబల్ల దగ్గర చేరాం, మడుస్తూ కుడుతూ మడతబల్ల దగ్గరే ముసలివాళ్లమయ్యాం. మాలో ఒక్కదానికి కూడా కటింగ్ మిషన్ మీద చెయ్యి వేయనివ్వలేదు. ఎందుకని అడిగితే, "చేతులు తెగుతయ్" అనేవాళ్లు. మగవాళ్ల చేతులు ఇనుముతో చేసినవి కాబోలు.

కాబట్టి నా దుకాణంలో మడతబల్ల దగ్గర చేరిన ఏ ఆడమనిషినైనా రెండేళ్లు దాటి మడతల మీదనే ఉంచకూడదు. కుట్టు నేర్పాలి, కటింగ్ నేర్పాలి, కాగితం కొనడానికి వెంట తీసుకెళ్లాలి, పుస్తకాల షాపులవాళ్లతో మాట్లాడించాలి. వచ్చిన పనిలోనే ఉంటానని ఎవరైనా అంటే అది ఆమె ఇష్టం. ఉండక తప్పని గతి మాత్రం రాకూడదు. మడిచినవాళ్ల పేర్లు, కుట్టినవాళ్ల పేర్లు ప్రతి పుస్తకంలో లోపలి పేజీలో వేయాలి. ఆ పేర్లు ఇప్పటిదాకా వేస్తున్నాం. ఆపితే సుగుణకు నా దుకాణం మీద హక్కు పోతుంది. ఆపదని తెలుసు, అయినా రాయిస్తున్నాను.

5. వడ్లకొండ ఓంప్రకాశ్‌కు నా దగ్గరున్న పదో తరగతి సాంఘికశాస్త్రం గైడు కాపీ ఒకటి ఇస్తున్నాను. 1994లో వాళ్ల ప్రెస్సులో అచ్చయినది. దాని కథ ఇది. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చవుతాయి, దాన్నే ఫారం అంటాం. మడిచాక ప్రతి ఫారం వీపున ఒక నల్ల గీత కనిపిస్తుంది. మొదటి ఫారానికి పైన, రెండోదానికి కొంచెం కింద, అలా. ఫారాలు వరుసగా పేర్చి వీపు చూస్తే గీతలు మెట్లు దిగినట్టుంటాయి. చదువు రానివాళ్లం పుస్తకం సరిగ్గా ఉందో లేదో దానితోనే చూసుకుంటాం. ఆ రోజు మెట్లు దిగుతూ దిగుతూ ఒకచోట పైకి ఎక్కాయి. ఆరో ఫారం కట్టలో ఇంకో గైడు నాలుగో ఫారం వచ్చిందన్నమాట. కట్ట మీద చీటీ అంటించి, విప్పి చూడకుండా సంతకం పెట్టింది సాంబయ్య.

నేను కుట్టనన్నాను. ఓంప్రకాశ్ వచ్చి, "చదువుకున్నోళ్లు చూసి పంపిన్రు. నీకేం తెలుస్తది, కుట్టు" అన్నాడు. నేను సూది కింద పెట్టాను. నన్ను చూసి మిగతా పదముగ్గురూ పెట్టేశారు. గంటన్నర అలాగే కూర్చున్నాం. ఆఖరికి పుస్తకం తెరిచి చూసుకున్నారు. అప్పటికే కుట్టినవి పోతే మూడు వేల కాపీలు పాడుకాకుండా మిగిలాయి. ఓంప్రకాశ్ నా వైపు చూడలేదు. సాంబయ్య భుజం తట్టి, "టైముకు పట్టుకున్నవ్" అన్నాడు. నెల తిరక్కుండా సాంబయ్య మేనేజరయ్యాడు. నాకు ఆ గంటన్నర జీతం కోసేశారు.

నేను ఇస్తున్న కాపీ ఆ తప్పు కాపీలలోది. ఓంప్రకాశ్ దాన్ని తన టేబుల్ మీద పెట్టుకోవాలని నా కోరిక. పెట్టుకోడని తెలుసు. అయినా ఈ వీలునామా ప్రకారం రిజిస్టర్ పోస్టులో పంపి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి.

6. సాంబయ్యకు ఒక కుర్చీ. చేతులున్నది, దిండున్నది. ఆ రోజు ఆయన నోరు విప్పలేదు. అది నేను మాఫ్ చేయలేదు, చేయను కూడా. కానీ ప్రూఫులు దిద్దినన్నేళ్లూ ఆయన వాటిని పైకి చదివేటప్పుడు మడతబల్ల వైపు తిరిగి చదివేవాడు. ఒకసారి ఓనరు, "గోడ దిక్కు తిరిగి చదువు, ఆడోళ్ల పని ఆగుతాంది" అంటే, "గోడకేం అర్థమైతది సేటూ" అన్నాడు. నాకు తెలిసిన రాజుల కథలు, రోగాల పేర్లు, దేశాలు, కవిత్వం, అన్నీ ఆ గొంతులో విన్నవే. ఇప్పుడాయన చూపు పోయి కాజీపేటలో కూతురింట్లో ఉంటున్నాడు. ప్రతి గురువారం సుగుణ ఆటో పంపి ఆయన్ను దుకాణానికి పిలిపించాలి. ఆ కుర్చీలో కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన కాగితాలు చదివి వినిపించాలి. ఆయన చేతికి పని ఉండదు కాబట్టి, బాగున్నప్పుడు తనలో ఆగేదేమిటో ఆయనే చెప్పాలి.

7. మట్టెవాడ ఇల్లు నా కొడుకు భానుచందర్‌కు. ఏ షరతూ లేదు. అమ్ముకున్నా, కిరాయికి ఇచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. బీరువాలో ఉన్న పోశయ్య తలపాగా కూడా వాడికే. వాడు చెడ్డవాడు కాదు. నేను దవాఖానలో ఉన్న తొమ్మిది రోజులూ డ్యూటీ దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు, నా కాళ్లు పిసికాడు. కొలతలు తీయించింది కూడా ఆ రోజుల్లోనే. రెండూ చేసింది ఒక్క మనిషే అని ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

8. కోడలు యమునకు నా వెండి కడియాలు, ముప్పై నాలుగు పుస్తకాలు ఒక్కో కాపీ చొప్పున. యమున నాతో పుస్తకాల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ మా ఇంటి అల్మారాలోంచి పుస్తకం మాయమై, పది రోజులకు మళ్లీ చేరుతుంది. మధ్యలో జడపిన్ను ఉంటుంది. గ్యాంగ్‌మన్ డైరీలో రెండు పిన్నులు దొరికాయి, అంటే రెండుసార్లు చదివింది. బిడ్డా, ఇకమీద అడగకుండా తీసుకోనవసరం లేదు, అవి నీవే.

9. మనవరాలు కావ్యకు నా మడతలు నొక్కే బద్ద. బర్రె కొమ్ముతో చేసింది, నా చేతిలో అరిగి సగమైంది. కావ్య ఇంజనీరింగ్ పూర్తిచేసింది. కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు అమర్చడం, అట్టలు గీయడం సొంతంగా నేర్చుకుంది. "బాపమ్మా, నేను పబ్లిషింగ్‌లకు వస్త" అంటే వాళ్ల నాన్న, "నాలుగేండ్లు బీటెక్ చదివి అట్టలు అతికిస్తవా?" అన్నాడు. దుకాణం కావ్య పేరున రాస్తే భానుచందర్ గొడవ చేయడని అఖిల్ నాకు చెప్పాడు. నిజమే, చేయడు. అందుకే రాయడం లేదు. ఓంప్రకాశ్ కుర్చీలో చేరినట్టు నా మనవరాలు చేరకూడదు.

కావ్య రావాలనుకుంటే రావచ్చు. ముందు సుగుణను అడగాలి. సుగుణ ఒప్పుకుంటే ఆరు నెలలు మడతబల్ల దగ్గర కూర్చోవాలి, మిగతా వాళ్లకు ఇచ్చే జీతమే తీసుకోవాలి. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంటుందో, పుస్తకాల షాపులు తిరుగుతుందో, సుగుణ స్థానానికే వస్తుందో, అది దాని కష్టం. కావ్యా, నువ్వు పేజీలు అమర్చేటప్పుడు ఆ పేజీ ఎక్కడ మడత పడుతుందో నీ వేళ్లకు తెలియాలి. తెలిసినవాళ్లు తక్కువ. తెలిస్తే నిన్ను ఎవరూ లేపలేరు.

10. ఇక కోర్టు సంగతి. భానుచందర్ దావా వేయాలనుకుంటే వేయవచ్చు. వేసినందుకు ఇల్లు వెనక్కి తీసుకోను, ఆ బెదిరింపు నాకు చేతకాదు. కానీ గెలవాలంటే వాడు జడ్జి ముందు నిలబడి చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంటుంది, మా అమ్మకు ఏం రాయించిందో తెలియదు అని. ఆ మాట నా పేరు పెట్టి, గట్టిగా, యమున, కావ్య వింటుండగా చెప్పాలి.

ఏం రాయించానో నాకు ఎలా తెలుసో కూడా రాయిస్తున్నాను. ఇక్కడిదాకా వకీలు అఖిల్ నేను చెబుతుంటే రాశాడు. తర్వాత అతన్ని బయట కూర్చోబెట్టి, పక్కింటి భవాని టీచరమ్మను పిలిచి మొదటి నుంచి చదివించుకున్నాను. ప్రెస్సులో ప్రూఫులు చూసేది ఇలాగే, ఒకరు చదువుతారు, ఇంకొకరు పట్టుకుంటారు. మూడో అంశంలో నేను "సంపాదకురాలు" అన్నచోట "సహాయకురాలు" అని వినిపించింది. ఆపమన్నాను. అఖిల్‌ను లోపలికి పిలిస్తే, "అవ్వా, సంపాదకురాలంటే కోర్టుల నవ్వుతరేమోనని జర మార్చిన" అన్నాడు. "నవ్వితే నవ్వనియ్యి బిడ్డా. నేను జెప్పింది నువ్వు రాయి" అన్నాను. ఆ మాట కొట్టేసి, పైన నా మాట రాసి, పక్కన వేలిముద్ర తీసుకున్నాడు. సాపు చేసి కొత్త కాగితం మీద రాస్తానన్నాడు, వద్దన్నాను. కొట్టివేత అలాగే ఉండాలి. అక్షరం రాని మనిషి ఏం పట్టుకోగలదో చూడాలనుకునేవాళ్లు అక్కడ చూసుకోవచ్చు.

11. చివరిది నా వేలిముద్ర. రేషన్ షాపులో మిషన్ నా వేలు తీసుకోదు. ఆధార్ కోసం పోతే నాలుగుసార్లు కడిగించి, తుడిపించి, ఆఖరికి కళ్లు ఫొటో తీసి పంపారు. ఇదే పట్టుకుని భానుచందర్, "నీ బొటనవేలికి గీతలే లెవ్వు. గా ముద్ర నీదేనని ఎవలు రుజువు జేస్తరు?" అన్నాడు. యాభై ఎనిమిదేళ్లు కాగితం అంచుల మీద ఈ వేలినే నడిపించాను. బద్ద అందకపోతే మడత దీనితోనే గీశాను. గీతలు ఎప్పుడు పోయాయో నాకే తెలియదు. కాబట్టి కోర్టువారికి, రిజిస్ట్రారు గారికి, ఇది చూసే ప్రతివారికి తెలియజేసేదేమంటే, కింద పడేది ఉత్త నల్లమచ్చ. అందులో గీతలు వెతకవద్దు. ఎక్కడైనా నా వీలునామా అని చెప్పి, గీతలు చక్కగా పడిన బొటనవేలి ముద్రతో ఒక కాగితం ఎవరైనా తెచ్చి చూపిస్తే, అది నాది కాదు, అది చెల్లదు.

తేదీ: 14 నవంబరు 2025, శుక్రవారం, పగలు పదకొండు గంటలు
వరంగల్

కొలిపాక సమ్మమ్మ ఎడమచేతి బొటనవేలి నిశాని

సమ్మమ్మ మా ఇద్దరి ఎదుట, తనంతట తాను, రెండుసార్లు చదివించుకుని విన్నాక వేలిముద్ర వేసింది. అది చూసి మేమూ ఆమె ఎదుటే సంతకాలు చేశాం.

సాక్షులు:
1. గాదె రాజమల్లు, ఆఫ్‌సెట్ ప్రెస్ యజమాని, వరంగల్
2. నల్లెల్ల భవాని, ఉపాధ్యాయురాలు, మట్టెవాడ

చెప్పినది చెప్పినట్టు రాసినవాడు, ఒకచోట కొట్టివేతతో: ఎం. అఖిల్, వకీలు, హన్మకొండ